ఆ దడకు పేరు టెన్షనేనా?

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరిన ఒక ఉపాధ్యాయురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. అందులోని విషయం ఇదీ.

ఆమెకు 44 ఏళ్ళు. గోదావరి జిల్లాల్లో ఒక హైస్కూల్లో సోషల్ టీచరు. 18 ఏళ్ళ సర్వీసు. పిల్లల ముందు గంటలకొద్దీ గడగడా చెప్పగలరు. జూన్‌లో బడి తెరిచిన రోజు కొత్త మొహాలు చూస్తే ఇప్పటికీ "గుండె కొట్టుకుంటుంది, అదో హుషారు" అట. పెద్దవాళ్ళ ముందు మాత్రం నోరు పెగలదు. రెండేళ్ళ క్రితం, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో నమూనా పాఠం చెప్పమంటే లేచారు. గుండె దడదడలాడింది, నోరు ఎండిపోయింది, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, గొంతు వణికి మాట మధ్యలో ఆగిపోయింది. "బీపీ చూపించుకోండి మేడం" అని ఎవరో అంటే నలుగురు నవ్వారు. ఆ తర్వాత ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నారు. అన్నీ నార్మల్. మీటింగు ఉన్న రోజు వేసుకోమని డాక్టరు దడ తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర రాశారు. ఇప్పుడు అది బ్యాగులో లేకపోతే ఇంట్లోంచి కాలు బయటపెట్టలేరు. ఆ రోజుల్లో టిఫిన్ సయించదు, కాఫీ మాత్రం రెండుసార్లు తాగుతారు. భర్త "ఊరికే టెన్షన్ పడకు" అంటారు. తల్లి "నువ్వు చిన్నప్పట్నుంచీ పిరికిదానివేగా" అంటారు. మధ్యలో ఒక సమీక్షా సమావేశంలో పై అధికారి ఒకరు అందరి ముందూ నోటికొచ్చినట్టు మాట్లాడారు. అప్పటినుంచి ఫోన్లో ఆయన పేరు కనబడినా ఒళ్ళు వణుకుతుంది. ఇప్పుడు హెడ్మాస్టర్ ప్రమోషన్ జాబితాలో ఆమె పేరు వచ్చింది. ఒప్పుకోవాలా, వదులుకోవాలా? దానికి తోడు పదో తరగతి చదివే కూతురు స్లిప్ టెస్టుల ముందు కడుపు పట్టుకుని "అమ్మా, నాకూ నీలాగే టెన్షన్" అంటోంది. "నా జబ్బు దానికి అంటించానా?" అని అడిగారు.

టీచర్ గారూ,

మీ ఉత్తరం రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ తీసుకుని ఒక మాట కింద గీతలు గీశాను. 'టెన్షన్'. మొత్తం తొమ్మిదిసార్లు వచ్చింది. ఆ తొమ్మిదీ ఒకటి కావని నాకు అనిపిస్తోంది. ముందు మీ ఒంటి సంగతి చూసి, తర్వాత వాటి దగ్గరికి వస్తాను.

మీరు భయపడుతున్నది గుండె దడకే. కానీ ఆ దడ ఏం పని చేస్తోందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతాయి. గుండె వేగం పెరిగి కాళ్ళూ చేతుల కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. ఆ కాసేపూ అరుగుదల పని వెనక్కి పోతుంది కాబట్టి కడుపులో దేవినట్టుంటుంది. లాలాజలం తగ్గుతుంది కాబట్టి నోరు ఎండుతుంది. పైపైన, గబగబా ఊపిరి తీస్తారు కాబట్టి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ఊపిరి కుదురుగా లేకపోతే, గొంతు కండరాలు బిగుసుకుంటే గొంతు వణుకుతుంది. మీ మీటింగులో జరిగినవన్నీ ఇవే. జూన్‌లో బడి తెరిచిన రోజు మీ గుండెను కొట్టించేదీ ఈ అడ్రినలినే. ఆ రోజు దానికి మీరు 'హుషారు' అని పేరు పెట్టారు. కాంప్లెక్స్ మీటింగులో 'టెన్షన్' అన్నారు.

ఇది మనవాళ్ళకు కొత్త సంగతి కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు ఎనిమిది సాత్విక భావాలు, అంటే మనసులోది ఒంటి మీద తెలిసే గుర్తులు, చెప్పాడు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, మొహం రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఇందులో మూడు ఆ రోజు మీకు వచ్చాయి. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఒక్కో లక్షణానికి భరతుడు ఒకే కారణం చెప్పి ఊరుకోలేదు. వణుకు చలికీ వస్తుంది, భయానికీ వస్తుంది, సంతోషానికీ, కోపానికీ వస్తుందన్నాడు. కూచిపూడి చూస్తున్నప్పుడు వణికే చెయ్యి ఒక్కటే కనబడితే అది భయమో ఆనందమో చెప్పలేం. కథ తెలిస్తేనే తెలుస్తుంది. మన మాటల్లోనూ అంతే. రోమాలు నిక్కబొడుచుకోవడం అనే ఒక్క పనికి రెండు మాటలు పెట్టుకున్నాం. పామును చూస్తే ఒళ్ళు జలదరించింది అంటాం, మంచి పాట వింటే ఒళ్ళు పులకరించింది అంటాం.

ఇక ఆ తొమ్మిది టెన్షన్లు. తప్పుగా చదివి ఉంటే కొట్టేయండి, మీ మనసు మీకే తెలుసు.

మీటింగు ముందు రోజు రాత్రి "టెన్షన్‌తో నిద్ర పట్టలేదు" అన్నది ఆదుర్దా. రేపు ఏమవుతుందో తెలియనప్పుడు వచ్చేది. లేచి నిలబడ్డప్పటిది జంకు. పరాయివాళ్ళ ముందు కాలు వెనక్కి లాగుతుంది, అంతే. దానికి ఆదుర్దాకున్నంత ఆయుష్షు లేదు, రెండు మాటలు బయటికొస్తే సాధారణంగా సగం పోతుంది. నలుగురు నవ్వాక "ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు" అని రాశారు. అది టెన్షన్ కాదమ్మా, నామోషీ. తల కొట్టేసినట్టవడం. నామోషీకి మందు ఊపిరి వ్యాయామాలు కావు. ఆ రోజు అక్కడున్న వాళ్ళలో మీకు నచ్చిన ఒక్కరితో ఆ సంగతి మాట్లాడి చూడండి. వాళ్ళకు అది ఎంత గుర్తుందో అడగండి.

భర్త డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిన రాత్రి మీకు కలిగింది గుబులు. కూతురి గురించి పడుతున్నది బెంగ. ఈ రెంటికీ ప్రేమే మూలం, వాటిని రోగాల పట్టీలో చేర్చకండి. మీటింగు రోజు పొద్దున్నే, ఇంకా ఇంట్లో ఉండగానే మొదలయ్యే దడకైతే నేను ముందుగా పెట్టే పేరు కాఫీ. ఖాళీ కడుపు మీద రెండు కాఫీలు పడితే ఏ మీటింగూ లేనివాళ్ళకు కూడా చేతులు వణకొచ్చు. ఆ రోజుల్లో కాఫీ ఒకసారికి తగ్గించి, రెండు ఇడ్లీలైనా తిని చూడండి. అప్పటికీ మిగిలిన దడ ఎంతో తెలుస్తుంది.

ప్రమోషన్ జాబితాలో పేరు చూసిన రోజు గురించి "ఒకటే టెన్షన్, వెంటనే అక్కకు ఫోన్ చేశాను, తర్వాత ఇద్దరు ఫ్రెండ్స్‌కి" అన్నారు. భయం ఒక్కటే అయితే మనిషి ఫోన్ పక్కన పడేసి కూర్చుంటుంది. ముగ్గురికి వరసగా ఫోన్ చేసిందంటే అందులో ఉబలాటం ఉంది, కొంచెం గర్వం కూడా ఉందేమో. 18 ఏళ్ళ కష్టానికి వచ్చిన పేరది. దాన్ని కూడా టెన్షన్ కిందే రాసేసుకున్నారే అని నాకు బాధేసింది.

పై అధికారి విషయం వేరుగా చెప్పాలి. ఆయన పేరు చూస్తే వచ్చే వణుకుకు నేను హుషారు అని పేరు పెట్టమనను. అలా చెప్పడం మీకు ద్రోహం చేయడమే. ఆ భాగంలో మీ రాత మారిపోయింది. వాక్యాలు చిన్నవయ్యాయి, అక్షరాలు లోతుగా దిగాయి, ఒకచోట కాగితం చిరిగింది కూడా. నాకు అందులో భయం కంటే కోపం ఎక్కువ కనబడింది. కడుపు మండింది. న్యాయంగానే మండింది. కోపాన్ని భయం అనుకున్నవాళ్ళు దాక్కుంటారు. కోపం అని గుర్తించినవాళ్ళకు వేరే దారులు తోస్తాయి. ఆ రోజు ఆయన అన్న మాటలు, తేదీ, అక్కడున్నవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు. యూనియన్‌లో నమ్మకమైన మనిషితో చెప్పొచ్చు. ఇక ముందు సమీక్షకు ఒంటరిగా కాక, తోటి టీచరుతో, కాగితాలతో వెళ్ళొచ్చు. ఫిర్యాదు చేస్తే కొన్నాళ్ళు ఇబ్బంది ఉండొచ్చు, చేయకపోతే ఆ మంట లోపలే ఉంటుంది. ఏది ఎంచుకోవాలో మీ పరిస్థితి మీకు తెలుసు. పేర్లు మార్చుకుంటూ అవమానాన్ని మింగమని చెప్పడం మాత్రం నా ఉద్దేశం కాదు.

మాట మారిస్తే ఒంట్లో నిజంగా ఏమైనా మారుతుందా అని మీకు అనుమానం రావాలి. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక సంగతి వివరంగా రాశారు. హఠాత్తుగా వచ్చే తీవ్ర భయానికి మూలం గుండె దడ ఒక్కటే కాదు, ఆ దడకు మనం చెప్పుకునే అర్థం కూడా అని. దడ వచ్చింది, 'ఏదో ప్రమాదం' అనుకున్నాం, ఆ ఆలోచనకు అడ్రినలిన్ ఇంకాస్త వస్తుంది, దడ పెరుగుతుంది, ప్రమాదం నిజమే అనిపిస్తుంది. "గుండె కొట్టుకోగానే 'అయిపోయింది, మళ్ళీ ఆగిపోతాను' అనుకుంటాను" అని మీరు రాసిన వాక్యం సరిగ్గా ఈ చక్రమే.

2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ఉపన్యాసం ఇవ్వబోయేవాళ్ళలో కొందరిచేత 'ప్రశాంతంగా ఉన్నాను' అనీ, కొందరిచేత 'ఉత్సాహంగా ఉన్నాను' అనీ పైకి అనిపించారు. రెండోవాళ్ళే మెరుగ్గా మాట్లాడారు. కారణం ఊహించడం కష్టం కాదు. గుండె పరుగెడుతున్నప్పుడు 'నేను ప్రశాంతం' అంటే ఒళ్ళు ఒప్పుకోదు, అబద్ధమని దానికి తెలుసు. ఉత్సాహంలోనూ గుండె పరుగెడుతుంది కాబట్టి ఆ మాట పొసగుతుంది. మీ వారి 'టెన్షన్ పడకు' పనిచేయకపోవడానికీ కారణం ఇదే. పాపం, ఆయన ప్రేమతోనే అంటున్నారు.

అయితే 'ఉత్సాహంగా ఉన్నాను' అని మనం ఇంట్లో ఎవరితోనూ అనం, అది స్టేజీ మాట. నోటికి నప్పని మాట ఒంటికీ ఎక్కదని నా అనుభవం. మా అమ్మమ్మ తీర్థానికి బయల్దేరే ముందు రాత్రి నిద్రపోయేది కాదు. "టెన్షనా అమ్మమ్మా" అంటే "కాదే, ఆత్రం" అనేది. మీరూ మీ నోట్లో పుట్టిన మాట వెతుక్కోండి. ఆత్రం, తహతహ, ఉబలాటం, లేకపోతే మీరే రాసిన హుషారు. మీటింగుకు లేచే ముందు 'చెప్పాలని ఆత్రంగా ఉంది' అని పెదవులు కదిలేలా అనుకోండి.

అది అబద్ధంలా తోస్తే ఇంకో దారి ఉంది. భయాన్ని భయమనే చెప్పడం. సాలీడంటే హడలిపోయే మనుషులతో 2012లో ఒక పరిశోధన చేశారు. సాలీడు దగ్గరికి వెళ్తూ కొందరు తమ భయాన్ని ఉన్నదున్నట్టు మాటల్లో చెప్పారు, కొందరు 'ఇది నన్నేం చేయదులే' అని సర్దిచెప్పుకున్నారు. వారం తర్వాత మళ్ళీ పరీక్షిస్తే, భయాన్ని మాటల్లో పెట్టినవాళ్ళ చేతుల చెమట తక్కువగా ఉంది. భయం తగ్గిందా అని అడిగితే మాత్రం వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ తగ్గిందనలేదు. మనసు గమనించకముందే ఒళ్ళు కుదుటపడుతోందన్నమాట. అందుకని మీరు ఒకటి రెండుసార్లు చేసి 'ఏమీ తేడా లేదు' అని వదిలేయకండి.

మీ అమ్మగారి మాట గురించి. "పిరికిదానివి" అనే మాటను 40 ఏళ్ళుగా మోస్తున్నారు. తెలుగులో భయం వేస్తుంది. ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది, చలి వేస్తుంది, ఆ వరసలోనే భయమూ వేస్తుంది. వేసింది కాసేపుండి పోతుంది. చలి వేసిందని ఎవరూ 'నేను చలిదాన్ని' అనుకోరు. 'నాకు భయం వేస్తోంది' అంటే వచ్చిన చుట్టం గురించి చెబుతున్నట్టు. 'నేను పిరికిదాన్ని' అంటే ఇల్లు ఆ చుట్టం పేర రాసిచ్చినట్టు. మీ అమ్మగారితో ఈ వయసులో వాదన పెట్టుకోమనను. ఆవిడ ఆ మాటన్నప్పుడు మనసులో 'భయం వేసింది, పోతుంది' అని తిరగరాసుకోండి చాలు.

మాత్ర సంగతి. ప్రొప్రనలాల్ గుండె మీద అడ్రినలిన్ పట్టును తగ్గిస్తుంది. అవసరమైన రోజు వేసుకోవడంలో తప్పు లేదు, సిగ్గు అసలే లేదు. కానీ మీటింగు బాగా జరిగితే ఆ పేరు మాత్రకు పోతుంది, మీకు రాదు. డాక్టరుతో మాట్లాడి, పది మంది లోపు ఉండే చిన్న సమావేశాలకు అది లేకుండా వెళ్ళి చూడొచ్చేమో అడగండి. ఉబ్బసం ఉంటే ఆ మాత్ర పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పండి. రోజూ వేసుకునే అలవాటు ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. నడుస్తుంటే ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా అది పేర్ల వ్యవహారం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మీ పరీక్షలన్నీ నార్మల్ కాబట్టి ఒక సాధన చెబుతాను. డాక్టరును ఒకమాట అడిగి మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం మేడ మెట్లు రెండుసార్లు గబగబా ఎక్కి దిగండి. గుండె కొట్టుకుంటుంటే కూర్చుని చెయ్యి వేసి, అది తనంతట తాను నెమ్మదించేదాకా చూడండి. మీటింగులో వచ్చే దడే ఇక్కడ మీ ఇష్టంతో వచ్చింది, మీరేమీ చేయకుండానే పోయింది. రెండు మూడు వారాలు ఇలా చేస్తే ఆ చప్పుడు మీకు పాత పరిచయమవుతుంది. ఇవన్నీ ఒక్కరే చేసుకోలేననిపిస్తే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కొన్ని వారాలు కూర్చోవడం మంచి దారి. దగ్గర్లో ఎవరూ లేకపోతే కేంద్రప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రమోషన్. ఒప్పుకుంటే స్టాఫ్ మీటింగులు, తల్లిదండ్రుల సమావేశాలు, సమీక్షలు పెరుగుతాయి. ఆ అధికారి ఎదురుపడే రోజులూ పెరగొచ్చు. మొదటి ఆరు నెలలు కష్టంగానే ఉంటాయి. అయితే తరచుగా చేసేది అలవాటవుతుంది, ఏడాదికి రెండుసార్లు చేసేదే ఎప్పుడూ కొత్తగా భయపెడుతుంది. వదులుకుంటే ఆ సాయంత్రమే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే ప్రమాదం. తప్పుకుంటే తగ్గిందని ఒళ్ళు నేర్చుకుంటుంది, తర్వాత ఇంకా చిన్న పనికి కూడా తప్పుకోమంటుంది. అలాగని వదులుకోవడానికి మంచి కారణాలు లేకపోలేదు. హెడ్మాస్టరైతే పాఠాలు తగ్గుతాయి, మీకు ప్రాణం పాఠం చెప్పడం. పోస్టింగుల కౌన్సెలింగులో దూరపు ఊరు వస్తే పాప పదో తరగతి ఏడాది ఇంట్లో మీరుండరు. ఈ కారణాలతో వద్దనుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఒకమాట అడుగుతాను. ఏ రోజూ దడే రాదని ఎవరైనా హామీ ఇస్తే, అప్పుడు మీరు ఏం చేసేవారు? దానికి వచ్చే జవాబు రాసుకోండి. వదులుకుంటే మళ్ళీ అవకాశం ఎప్పుడు, ఎలా వస్తుందో కూడా సంతకం పెట్టేముందు ఆఫీసులో కాగితం మీద చూసుకోండి.

పాపకు మీరేమీ అంటించలేదు. అది మీ దగ్గర నేర్చుకున్నది ఒక్క మాట. కడుపులో ఏమైనా దానికి తెలిసిన పేరు అదే. ఈసారి కడుపు పట్టుకున్నప్పుడు "టెన్షన్ పడకు" అనకుండా పక్కన కూర్చుని అడగండి: తిప్పుతోందా, పట్టేసినట్టుందా, ఆకలా? చదివింది రాదేమోనని ఆదుర్దానా, ఎప్పుడు రాసేద్దామా అని ఆత్రమా? రోజూ అదే నొప్పి వచ్చినా, తిండి మానేసినా పిల్లల డాక్టరుకు చూపించండి. గుండె వేగంగా కొట్టుకోవడం పరీక్ష రాయడానికి సాయం చేస్తుందని ముందుగా విన్న విద్యార్థులు లెక్కల్లో మెరుగ్గా చేశారని 2010లో ఒక పరిశోధన వచ్చింది. ఆ సంగతి సోషల్ టీచరు నోటినుంచి వస్తే పాపకు ఇంకా బాగా ఎక్కుతుంది. మీకు కాంప్లెక్స్ మీటింగులో జరిగింది కూడా దానికి చెప్పండి. వాళ్ళమ్మకూ నోరు ఎండిందనీ, ఆ మర్నాడు మళ్ళీ బడికి వెళ్ళి పాఠం చెప్పిందనీ దానికి తెలియాలి.

తొమ్మిదో టెన్షన్ మీ ఉత్తరం చివరి వాక్యంలో ఉంది. "ఇదంతా రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి, పోస్టు చేయాలంటే టెన్షన్‌గా ఉంది" అన్నారు. దాని కింద గీత గీశాను కానీ వేరే పేరు పెట్టలేదు. ఆ పూట మీ గుండెలో ఏముందో నేను చూడలేదు. అక్కడ ఏ మాట ఉండాలో మీరు రాసి పంపండి.